అమ్మ లేవని ఆ అరగంట

పోయిన ఆదివారం పొయ్యి మీద పప్పు పడేసి, టీవీలో పాత సినిమా వస్తోంటే రెండు నిముషాలు చూద్దామని నిలబడ్డాను. నిలబడ్డాను అంటున్నాను చూశారా, కూర్చోలేదు. గరిట చేతిలోనే ఉంది. ఒక పాట సగంలో ఉండగా పాలు పొంగాయి. ఇంకో పాట సగంలో గ్యాసు బండ వచ్చింది. తర్వాత చాకలి పద్దు, ఆ తర్వాత మా వారి కళ్ళజోడు (అది ఆయన తల మీదే ఉంది, అది వేరే సంగతి). మూడు గంటల సినిమాలో నేను చూసింది పట్టుమని ముప్ఫై నిముషాలుండదు. మీ ఇళ్ళల్లోనూ ఇంతేనని నాకు తెలుసు లెండి.

గరిట పట్టుకుని అలా నిలబడి ఉంటే మా ఊరి సినిమా హాలు గుర్తొచ్చింది. హాలంటే హాలు కాదు, అందులో కూర్చున్న మా అమ్మ గుర్తొచ్చింది.

మాది కోనసీమలో అమలాపురానికీ అంబాజీపేటకీ మధ్య కాలవ గట్టునున్న పల్లెటూరు. మా హాలుకి పేరొకటి ఉండేది గానీ ఎవరూ ఆ పేరుతో పిలిచేవారు కాదు. "హాలు" అంటే అదే. తాటి దూలాలు, తాటాకు కప్పు, చుట్టూ దడి. పగలు ఆకుల సందుల్లోంచి వెలుతురు పడేది కాబట్టి చీకటి పడితే గానీ ఆట మొదలయ్యేది కాదు. మొదటాట, రెండో ఆట, అంతే. తెర ముందు ఇసక పోసిన నేల, దాని వెనక బెంచీలు, అందరికన్నా వెనక నాలుగు వరసల కుర్చీలు. నేల పావలా, బెంచీ అర్ధరూపాయి, కుర్చీ రూపాయి. ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ మధ్య నడుమెత్తు గోడ. ఆ గోడకి అవతల చుట్టల కంపు, ఇవతల మల్లెపూల వాసనా, చంటిపిల్లల ఏడుపులూ!

సాయంత్రం అయిదున్నరకల్లా హాలు మీది మైకులో ఘంటసాల గారి వెంకటేశ్వరస్వామి పాట వేసేవారు. అది వినబడిందంటే ఊళ్ళో ఆడవాళ్ళందరికీ కాళ్ళు నిలిచేవి కావు. ఆ పాటతోపాటే డీజిలింజను మోత. ఇంజను ఆగిందంటే బొమ్మ ఆగినట్టే.

మా హాలుకి ఒకటే మిషను. అంచేత ఒక రీలు అయిపోయాక ఇంకోటి ఎక్కించేదాకా ఆట ఆగేది. పట్నాల్లో సినిమాకి ఒక విశ్రాంతి అయితే మాకు నాలుగైదు. ఆ మిషనులో రెండు బొగ్గు కడ్డీల మధ్య మంట రాజేస్తే, ఆ వెలుగుతో తెర మీద బొమ్మ పడేది. కడ్డీలు కాలుతున్నకొద్దీ ఆపరేటరు వాటిని దగ్గరికి జరుపుతూ ఉండాలి. అతనికి ఏ కునుకో పట్టిందంటే తెర మీద హీరోయిన్ మొహం నల్లబడిపోయేది. "బొగ్గు జరపవయ్యా బాబూ!" అని నేల నుంచి కేకలు. అలా దీపాలు వెలిగినప్పుడు పిల్లల్ని బయటికి తిప్పుకురావడం, తేగలు విరుచుకు తినడం, కొంగున కట్టి తెచ్చిన జంతికలు పంచుకోవడం, పక్కావిడ చీర అంచు పట్టుకుని ధర అడగడం... అన్నీ అప్పుడే.

కొత్త సినిమా అంటే మాకు కొత్తదేం కాదు. బెజవాడలో ఆడి, కాకినాడలో ఆడి, అమలాపురంలో ఆడి, అన్ని ఊళ్ళూ చూసేశాక ఏడాదికో ఏడాదిన్నరకో మా ఊరొచ్చేది. రీళ్ళ పెట్టె బస్సు టాపు మీద వచ్చేది. అది దించడం కళ్ళారా చూశాకే అమ్మ పొయ్యిలోకి కట్టెలు లెక్కపెట్టుకునేది.

ఎందుకంటే సినిమాకి వెళ్ళే రోజు అమ్మకి పండగా, పరీక్షా కూడాను. తెల్లవారుజామున నాలుగింటికే లేచేది. దూడల్ని కట్టడం, పాలు పిండడం, పెరుగు చిలకడం, వాకిలి, వంట, చాకిరేవు. మధ్యాహ్నం అందరూ కాస్త నడుం వాల్చే వేళ రాత్రి వంట మొదలెట్టేది. నాన్నగారికీ బాబాయిలకీ అన్నం గిన్నె కుంపటి మీద సన్నని సెగన పెట్టి, కూరల మీద మూతలు పెట్టి, మంచినీళ్ళ చెంబులు వరసగా సర్ది, ఆఖర్న మా మామ్మ ముందు నిలబడేది. "అత్తయ్యగారూ, వెళ్ళొస్తానండీ." మామ్మ వత్తులు చేసుకుంటూ తలెత్తకుండా "ఊఁ" అనేది. ఆ "ఊఁ" కోసం అమ్మ పొద్దుట్నుంచీ పనిచేసిందని నాకు అప్పుడు తెలీదు.

డబ్బులు నాన్నగారిని అడిగేది కాదు. కొబ్బరాకు ఈనెలు చీరి చీపుళ్ళు కట్టి అమ్మిన డబ్బులు ఉప్పు జాడీ వెనక డబ్బాలో ఉండేవి.

మామ్మ ఎప్పుడూ హాలుకి వచ్చేది కాదు. తాతయ్య పోయాక ఆవిడ గుడికి తప్ప గడప దాటలేదు. ఆ రోజుల్లో అంతే. కానీ ఆవిడకి సినిమాలన్నీ తెలుసు. రాత్రి నేను వచ్చి ఆవిడ పక్కలో పడుకుని కథంతా చెప్పాలి. "తర్వాత?" "ఆ తర్వాత?" అని తొలిచేసేది. మాయాబజారులో శశిరేఖని నేనెంత బాగా ఆడి చూపించానో మా మామ్మకే తెలియాలి.

సరే, అసలు సంగతికి వస్తాను.

1970 జనవరి. సంక్రాంతి ఇంకో వారం ఉంది. మా హాల్లోకి "ఉండమ్మా బొట్టు పెడతా" వచ్చింది. 1968లో విడుదలైన సినిమా. కె.విశ్వనాథ్ గారు తీశారు, కృష్ణ, జమున వేశారు. మా ఊరి ఆడవాళ్ళకి జమున అంటే ప్రాణం. "మూగమనసులు"లో గౌరిగా వేసినప్పట్నుంచీ ఆవిడ మాకు గోదారి పిల్లే. కృష్ణ కూడా మాకు చుట్టంలాంటి వాడే. అంతకు ముందే, 1967లో వచ్చిన బాపు గారి "సాక్షి"ని మా కోనసీమలోనే పులిదిండిలో తీశారు కదా!

ఆ రోజు అమ్మా నేనూ, పక్కింటి పిన్నిగారూ వెళ్ళాం. బెంచీ టిక్కెట్టు. నాకు పదేళ్ళు, అమ్మకి ముప్ఫై. దీపాలు ఆరగానే అమ్మ వెనక్కి జారగిలబడి, కాళ్ళు చాపుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకునేది. ఆ చేతుల్ని నేను వింతగా చూసేదాన్ని. ఇంట్లో అవి ఖాళీగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. అన్నం తినేటప్పుడు కూడా అమ్మ పీట చివర ఒంటి కాలి మీద కూర్చునేది, ఎవరు ఏం అడుగుతారో లేవాలి కదా అని. మా అమ్మ నిండుగా కూర్చోగా చూసిన చోటు నా చిన్నతనం మొత్తమ్మీద ఆ హాలొక్కటే.

సినిమా ఆఖరికి వచ్చింది. ఇంకో అరగంట ఉందనగా గేటు దగ్గర టిక్కెట్లు చింపే అతను టార్చిలైటు పట్టుకుని ఆడవాళ్ళ వైపుకొచ్చి గట్టిగా కేకేశాడు.

"ఆయ్, పెంకుటింటి వారి కోడలుగారండీ! ఇంటికాడ్నుంచి కబురండీ! సుట్టాలొచ్చారంట, బేగి రమ్మంటన్నారండీ!"

ఆ రోజుల్లో అది మామూలే. ఎవరికి నెప్పులొచ్చినా, ఎవరింటికి చుట్టాలొచ్చినా, ఆవు ఈనినా హాలుకే కబురు. ఎవరి పేరు పిలిస్తే వాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని గబగబా లేచిపోవడం, మిగిలినవాళ్ళు "అయ్యో పాపం, ఆఖరు చూడలేదే" అనుకోవడం. పేరు అంటున్నాను గానీ, పేరెక్కడిది? ఫలానా వారి కోడలు, ఫలానా వారి భార్య. అంతే.

పెంకుటిల్లంటే మాదే. నేను అమ్మ వైపు చూశాను. అమ్మ తెర వైపే చూస్తోంది.

"అమ్మా, మననే" అన్నాను.

"ఊరుకో" అంది. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది.

అతను ఇంకోసారి కేకేశాడు. బెంచీల మీద నలుగురైదుగురు మా వైపు తిరిగారు. పక్కింటి పిన్నిగారు మాత్రం మెల్లిగా ముందుకు వంగి, అమ్మ మీద వెలుతురు పడకుండా అడ్డం కూర్చుంది. అయినా టార్చి తిరిగి తిరిగి అమ్మ మొహం మీద ఆగింది. ఒక్క క్షణం. అతనికి మా ఇల్లు తెలుసు, మా పెరట్లో మజ్జిగ తాగిన మనిషే. టార్చి కిందికి దించేసి గేటు వైపు వెళ్ళిపోయాడు. "లేరండీ! అగుపళ్ళేదని చెప్పండి" అని బయట ఎవరితోనో అనడం నాకు వినబడింది.

సినిమా అయిపోయేదాకా అమ్మ కదల్లేదు. అయిపోగానే మాత్రం అంత జోరుగా నడవడం నేనెప్పుడూ చూడలేదు. కాలవ గట్టు మీద పిన్నిగారూ నేనూ పరుగే.

ఇంటికెళ్ళేసరికి వాకిట్లో లాంతరు. వచ్చింది ఎవరో కాదు, నాన్నగారి అక్కగారు. రాజోలు నుంచి భర్తా పిల్లలతో. అప్పటికి బోడసకుర్రు దగ్గర వైనతేయ మీద వంతెన లేదు. పంటు మీద నది దాటి, బస్సు పట్టుకుని, చెప్పాపెట్టకుండా దిగారు. ఆడపడుచూ, ఇంటల్లుడూ వస్తే కోడలు సినిమాలో ఉంది! ఆ రోజుల్లో ఇంతకన్నా పెద్ద నేరం ఇంకోటి లేదు. కొంపలు మునగడానికి ఇది చాలు.

వంటింట్లోంచి ఆవ పెట్టిన కంద బచ్చలి కూర వాసన వస్తోంది. లోపల మామ్మ, పొయ్యి ముందు, చెంగు నడుముకి దోపుకుని. అమ్మ గడపలో నిలబడిపోయింది.

"కబురందలేదటగా" అంది మామ్మ, తలెత్తకుండానే. "కాళ్ళు కడుక్కుని రా, ఆకులు వెయ్యాలి."

అంతే. ఇంకో మాట లేదు. నాన్నగారు కూడా ఏమీ అనలేదు. తన తల్లే ఏమీ అనకపోతే ఆయనేమంటారు? మా మేనత్తగారి భర్త ఆ కూర మూడుసార్లు వేయించుకున్నారు. పదేళ్ళుగా మామ్మ గరిట పట్టలేదు, ఆవిడ వంట అంత బాగుంటుందని మా పిల్లలకెవరికీ తెలీదు.

ఆ రాత్రి పక్కలో మామ్మ మామూలుగానే కథ అడిగింది. చెప్పుకొచ్చాను. ఉన్నట్టుండి, "అతను పిలిచినప్పుడు మీ అమ్మ నిద్రపోతోందా?" అంది. పదేళ్ళ పిల్లని, అబద్ధం తట్టలేదు. "లేదు, చూస్తోంది" అన్నాను. చీకట్లో మామ్మ కొంచెంసేపు మాట్లాడలేదు. నాకు గుండె ఆగినంత పనైంది. తర్వాత "ఎవరితోనూ అనకు" అని, "ఊఁ, ఆఖర్న ఏమైంది?" అంది.

ఆఖర్న ఏమైందో మీలో సినిమా చూసిన వాళ్ళకి తెలుసు. ఇల్లు విడిచి వెళ్ళిపోతానన్న లక్ష్మీదేవిని ఆ ఇంటి కోడలు "ఉండమ్మా, బొట్టు పెడతాను, నేను వచ్చేదాకా వెళ్ళకు" అని మాట తీసుకుంటుంది. మాట తీసుకుని వెళ్ళి బావిలో దూకేస్తుంది. ఆవిడ తిరిగి రాదు, లక్ష్మీదేవి ఇల్లు దాటదు.

అది విని మామ్మ దుప్పటి మొహం మీదికి లాక్కుంది. మర్నాటి నుంచీ మా ఇంట్లో ఒక కొత్త మాట మొదలైంది. మైకులో పాట వినబడగానే మామ్మే అనేది, "వంట నేను చూస్తాలే, నువ్వు బయల్దేరు" అని. ఆవిడ కన్నుమూసేదాకా అదే మాట. అంతకు ముందు ఏడాదికి మూడు నాలుగు సినిమాలు చూసే అమ్మ, ఆ తర్వాత నెలకొకటైనా చూసింది.

ఇంత జరిగినా అమ్మకి ఆ సినిమా ఆఖరు తెలీదని నాకు చాలా ఏళ్ళకి గానీ తెలీలేదు. నా పెళ్ళయ్యాక ఓసారి పుట్టింటికి వెళ్ళినప్పుడు ఆ మాటొచ్చింది. "కూర్చున్నాను గానీ ఏం చూశానే? గుండె దడదడలాడుతోంది. ఇంట్లో ఎవరికేమయిందో అని ఒకటే భయం. చుట్టాలన్నాడు గానీ, భయపెట్టకూడదని అలా చెప్పించారేమో అనిపించింది. తెర మీద ఏం జరిగిందో ఒక్క ముక్క గుర్తు లేదు. మర్నాడు పిన్నిగారు చెబితే విన్నాను" అంది. "మరి లేచి వచ్చేయకపోయావా?" అన్నాను. "లేవబుద్ధి కాలేదు" అంది. అంతకన్నా చెప్పలేదు.

హాలు తాటాకు పోయి రేకులయింది. 80ల చివర్లో ఇళ్ళల్లోకి టీవీలొచ్చాయి. ఆడవాళ్ళు ముందు మానేశారు, ఇంట్లోనే వస్తోంటే డబ్బులు దండగ అని. కానీ ఇంట్లో చూడడమంటే ఏమిటో మనకి తెలుసు కదా! అమ్మకి సినిమా మిగిలింది, కూర్చోవడం పోయింది. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫాను కోనసీమనంతా తుడిచిపెట్టేసింది. వెయ్యిమందికి పైగా మనుషులు పోయారు. కొబ్బరి తోటలు తోటలే పడుకున్నాయి. అంత కష్టంలో మా హాలు రేకులెగిరిపోయాయంటే ఎవరికి పట్టింది? మళ్ళీ ఎవరూ కప్పు వెయ్యలేదు. తర్వాత ఆ స్థలంలో కల్యాణమండపం కట్టారు.

2023 జనవరి 27న జమున గారు పోయారు. ఆరు రోజులకే, ఫిబ్రవరి 2న విశ్వనాథ్ గారు. అంతకు ముందు నవంబరులోనే కృష్ణ గారు వెళ్ళిపోయారు. ఆ వారం అమ్మ మా ఇంట్లోనే ఉంది. ఎనభై మూడేళ్ళు, మోకాళ్ళ నెప్పులు. టీవీలో జమున గారి ఫోటో చూసి, "ఆ సినిమా ఆఖరు నేను చూడనేలేదు" అంది. మా అమ్మాయి రెండు నిముషాల్లో ఆ సినిమా వెతికి పెట్టింది. నేను వంటింటి తలుపు దగ్గరకి వేశాను. మొదట్నుంచీ చూస్తానంది అమ్మ. వాలుకుర్చీలో జారగిలబడి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. మళ్ళీ అవే చేతులు. ముడతలు పడ్డాయి, అంతే తేడా.

ఆఖరి ఘట్టం అయిపోయింది. కళ్ళు తుడుచుకుంటుందేమోనని చూశాను. తుడుచుకోలేదు. చాలాసేపు ఊరుకుని అంది:

"ఇల్లు నిలబెట్టడానికి ఆ కోడలు వస్తానని చెప్పి బావిలో దూకింది. నేనేమో రమ్మంటే రాకుండా కూర్చున్నాను. మనిల్లూ నిలబడే ఉంది కదే!"

నేను నవ్వాను గానీ, ఆ మాట నన్ను వదల్లేదు. ఆ అరగంట అమ్మ ఒక్కతే సంపాదించుకున్నది కాదు. పిన్నిగారు వెలుతురుకి అడ్డం కూర్చుంది. గేటతను టార్చి దించేశాడు. హాలు గడప ఎన్నడూ తొక్కని మామ్మ పొయ్యి ముందు కూర్చుంది, తెలిసీ నోరు మెదపలేదు. ఇంతమంది కలిసి దాచిపెడితే మా అమ్మకి అరగంట దక్కింది. అప్పటి రోజులు మంచివని నేననను. దొంగతనంగా కూర్చోవలసి రావడం ఏం మంచి? కానీ మన పక్కనున్న ఆడమనిషికి అడ్డం కూర్చోవడం, ఒక పూట గరిట అందుకోవడం, అవి మాత్రం మరచిపోకూడదనిపిస్తుంది. మీ ఇంట్లో కోడలుంటే ఒకసారి "వంట నేను చూస్తాలే" అని చూడండి. అత్తగారుంటే ఆవిడకి ఇష్టమైన పాత సినిమా పెట్టి వంటింటి తలుపు దగ్గరకి వేయండి.

ఇద్దరూ లేరంటారా? మొన్న ఆదివారం నాకూ ఎవరూ లేరు. అందుకని గరిట కింద పెట్టి కుర్చీలో కూర్చున్నాను. లోపల్నుంచి మా వారు, "ఏమోయ్, మాడు వాసన వస్తోంది" అన్నారు. "మీరు కాస్త దింపండి. సినిమా అయ్యాక వస్తాను" అన్నాను.

పప్పు కొంచెం అడుగంటింది. మారు మాట్లాడకుండా తిన్నారు. ఇల్లు నిలబడే ఉంది.